పసుపు సంచిలోని నాలుగు సీసాలు

కిందటి ఏప్రిల్‌లో ఒక ఉదయం, నాయుడుపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా మందుల కౌంటరు మీద పసుపు సంచీ ఒకటి బోర్లించి, అందులోంచి దొర్లిన నాలుగు చిన్న సీసాలను వేలితో వరసగా నిలబెట్టి, "నువ్వు తెలుగోడివంట గదా అబ్బయా, ఇయ్యి ఏందేందో రవంత చెప్పు" అని అడిగాడు. చెన్నైలోని ఒక కంటి ఆసుపత్రిలో మందులిచ్చే పనిలో నేను పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను. సూళ్ళూరుపేట లోకల్ రైల్లోనో, తిరుపతి బస్సులోనో వచ్చే మనవాళ్ళు తమిళం రాక, ఇంగ్లీషు చదవలేక, తెలుగు మాట వినబడిన కౌంటరు దగ్గరికే వచ్చి నిలబడతారు. అందువల్ల ఇలాంటి సంచులు నాకు కొత్త కాదు. అయితే ఆ రోజు ఆయన కుడి కన్ను చూశాక ఆ నాలుగు సీసాల సంగతి వివరంగా రాయాలనిపించింది.

ఆయన కంటి నల్లగుడ్డు మీద, కొంచెం కింది వైపుగా, నూకగింజంత బూడిదరంగు మచ్చ ఉంది. దాని అంచులు దూదిపీచులా చెదిరి ఉన్నాయి. రెండు వారాల కిందట కళ్ళంలో వడ్లు తూర్పారబడుతుండగా కంట్లో ఊక పడింది. నలుపుకున్నాడు, నీళ్ళతో కడుక్కున్నాడు, మర్నాటికి కన్ను ఎర్రబడింది. ఇంట్లో ఆయన భార్యకు ఆరు నెలల కిందట శుక్లం ఆపరేషన్ అయినప్పుడు మిగిలిపోయిన చుక్కల మందు ఉంది. ఆమె ఎర్ర కన్ను దానితోనే తెల్లబడింది కాబట్టి తనకూ పనిచేస్తుందని, రోజుకు నాలుగు సార్లు చొప్పున ఎనిమిది రోజులు వేసుకున్నాడు. మొదటి మూడు రోజులు ఎరుపు తగ్గిందట, నొప్పి కూడా తగ్గిందట. ఐదో రోజుకు చూపు మసకబారింది.

ఆ మందు పేరు ప్రెడ్నిసొలోన్. పాలనీళ్ళలా ఉంటుంది, వేసే ముందు బాగా కుదపాలి. అది స్టెరాయిడ్. కంటిలో వాపును, దానివల్ల వచ్చే ఎరుపును అణచడంలో దానికి సాటి వచ్చే మందు లేదు. శుక్లం ఆపరేషన్ తరవాత నాలుగు నుంచి ఆరు వారాల పాటు, మొదట రోజుకు ఆరేసి సార్లతో మొదలుపెట్టి క్రమంగా తగ్గిస్తూ దీన్ని వాడిస్తారు. కంటి మధ్య పొరకు వాపు వచ్చే యువియైటిస్‌లో చూపును కాపాడేది కూడా ఇదే. కాని వాపు అంటే శరీరం చేసే పోరాటమే. సూక్ష్మజీవి లోపల ఉండగా ఆ పోరాటాన్ని ఆపితే బయటికి కన్ను నెమ్మదించినట్టు కనిపిస్తుంది, లోపల శత్రువుకు అడ్డు లేకుండా పోతుంది. ఊకతో పాటు ఆయన కంట్లోకి వెళ్ళింది బూజు జాతి, అంటే ఫంగస్. వ్యవసాయం చేసేవాళ్ళలో, ఆకో గడ్డో ధాన్యమో తగిలి నల్లగుడ్డు మీద పడే పుండ్లలో ఈ ఫంగస్ పుండ్లు దక్షిణ భారతంలో చాలా ఎక్కువ. దాని మీద స్టెరాయిడ్ వేయడం మంటలో కిరసనాయిలు పోయడమే. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే కంటి పుండులోనూ ఇదే ప్రమాదం ఉంది.

డాక్టరుగారు అప్పటికే పుండును గీకి పరీక్ష చేయించి కొత్త చీటీ రాసి పంపారు. ఆ చీటీలో ఉన్నవి రెండే మందులు. పెద్దాయన అడగదలచుకున్నది ఏమిటంటే, ఈ కొత్తవాటితో పాటు సంచిలోని పాతవి కూడా వేసుకుంటే తొందరగా తగ్గుతుందా అని. నేను ముందు ఆ స్టెరాయిడ్ సీసాను తీసి పక్కన పెట్టాను. మూత తీసి ఆరు నెలలైన సీసా అది. మామూలుగా మూత విప్పిన నాలుగు వారాలకు చుక్కల మందును పారేయాలి, లోపల సగం మిగిలినా సరే. ఈ మాట విన్నప్పుడు జనం నన్ను దుబారా మనిషిని చూసినట్టు చూస్తారు. అయినా చెప్పడం మానను.

రెండో సీసా చెవి మందు. గులిమిని మెత్తబరిచేది. పొరపాటున కంట్లో పడి ఉంటే భగ్గున మండి ఉండేది. ఒకే ఆకారం, ఒకే పరిమాణం, చదవడానికి వీల్లేనంత చిన్న ఇంగ్లీషు అక్షరాలు ఉన్నప్పుడు ఇంట్లో చెవి సీసా, కంటి సీసా ఒకే డబ్బాలో పెట్టడం చేతులారా తెచ్చుకునే ముప్పు. దాని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

మూడో సీసాకు పసుపుపచ్చ మూత ఉంది, లోపలిది టిమొలాల్. అది ఆయన అన్నగారిదట, నీటికాసుల జబ్బుకు వాడేవాడట. "ఇది మటుకు మంచి మందు, అన్న ఎప్పుడూ ఏసుకునేవోడు" అన్నాడు. ఈ సీసా దగ్గర నేను కొంచెం ఆగాలి, ఎందుకంటే దీనితో మా ఇంట్లోనే ఒక తప్పు జరిగింది.

నీటికాసుల్లో, అంటే గ్లకోమాలో, కంటి లోపల ఊరే నీరు సరిగా బయటికి పోక ఒత్తిడి పెరిగి, వెనకనున్న చూపు నరాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. పాదరసం కొలతలో 10 నుంచి 21 వరకు ఉండే ఒత్తిడిని సాధారణమని అనుకుంటారు, అయితే అంతలోపలే ఉన్నా నరం దెబ్బతినేవాళ్ళు కూడా ఉన్నారు. టిమొలాల్ ఆ నీరు ఊరడాన్ని తగ్గిస్తుంది. 1978లో అమెరికాలో అనుమతి పొందినప్పటి నుంచి ఎన్నో కళ్ళను కాపాడిన మందు అది, ధర కూడా తక్కువ. కాని అది గుండె జబ్బులకు మింగే బీటా బ్లాకర్ మాత్రల జాతికి చెందినది. ఆస్తమా ఉన్నవాళ్ళకు, నాడి బాగా నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకు, గుండెలో విద్యుత్ ప్రసారానికి అడ్డంకి ఉన్నవాళ్ళకు దాన్ని ఇవ్వకూడదు.

మా నాన్నగారికి డెబ్బై ఒకటో ఏట ఒత్తిడి 26 ఉందని తేలింది. మా పేటలోని ఒక చిన్న క్లినిక్‌లో టిమొలాల్ రాశారు. ఆయనకు నడి వయసులో ఉబ్బసం ఉండేదనీ, ఇరవై ఏళ్ళుగా అణగి ఉందనీ అక్కడ ఎవరూ అడగలేదు. అంతకన్నా సిగ్గుపడవలసిన విషయం ఏమిటంటే, రోజుకు పది మందికి ఆ మందిచ్చే నేను కూడా, సొంత తండ్రి విషయంలో ఆ ప్రశ్న వేసుకోలేదు. వారం తిరిగేసరికి రాత్రిళ్ళు దగ్గు మొదలైంది. చలికాలం కదా అనుకున్నాం. పదకొండో రాత్రి ఆయన గొంతులోంచి పిల్లికూతలు వినబడి లేచి కూర్చుంటే, బల్ల మీద ఉన్న పసుపు మూత సీసా నాకేసి చూస్తున్నట్టనిపించింది. మర్నాడు పొద్దున్నే మా ఆసుపత్రి డాక్టరుగారితో మాట్లాడి మందు మార్పించాను. నాలుగు రోజుల్లో పిల్లికూతలు ఆగిపోయాయి.

కంట్లో వేసిన చుక్క ఊపిరితిత్తుల దాకా ఎలా వెళ్ళిందని చాలామంది అడుగుతారు. సీసా నుంచి పడే ఒక్కొక్క చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. మైక్రోలీటరు అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు. మన కంటిలో సహజంగా ఉండే కన్నీరు 7 మైక్రోలీటర్లే, కింది రెప్ప సందు ఎంత సాగినా 30కి మించి పట్టదు. మిగిలింది చెంప మీదికి కారిపోతుంది, లేదా ముక్కు వైపు మూలలో ఉన్న సన్నని రంధ్రాల గుండా ముక్కులోకి, గొంతులోకి జారుతుంది. చుక్కలు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగిలిందని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ముక్కు పొరల నుంచి మందు నేరుగా రక్తంలో కలుస్తుంది, మింగిన మాత్రలా కాలేయం గుండా వెళ్ళి పలచబడదు. కంటి లోపలికి చేరేది వేసిన దానిలో ఐదు శాతం కంటే తక్కువ. అందుకే ఒక్క చుక్క చాలు, రెండోది వృథా. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను మెల్లగా లాగి జేబులా చేసి, సీసా మూతి రెప్పకు గాని వెంట్రుకలకు గాని తగలకుండా ఒక చుక్క వేసి, కళ్ళు మూసుకుని, ముక్కు వైపు మూలను వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచాలి. ఇలా చేస్తే కంటికి అందేది పెరుగుతుంది, ఒంటికి పట్టేది తగ్గుతుంది. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలైనా ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. పూత మందు ఉంటే అన్నిటికన్నా చివర పెట్టాలి.

నాన్నగారికి మార్చిన మందు లటనోప్రోస్ట్. 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు నీరు ఊరడాన్ని ఆపదు, ఊరిన నీరు మరో దారిన బయటికి పోయేలా చేస్తుంది. రోజుకు ఒక్కసారి, రాత్రి పడుకునే ముందు వేస్తే చాలు. తెరవని సీసాను, కంపెనీ వేరే చెప్పకపోతే, ఫ్రిజ్‌లో ఉంచాలి. దీని విచిత్రం రెప్ప వెంట్రుకల్లో కనిపిస్తుంది. అవి పొడవుగా, దట్టంగా, నల్లగా పెరుగుతాయి. ఏడాది తరవాత మా అమ్మ నాన్నగారి మొహంలోకి చూసి "ఈ వయసులో కాటుక పెట్టుకున్నట్టున్నారే" అని నవ్వింది. ఇదే జాతికి చెందిన బిమటోప్రోస్ట్‌ను రెప్ప వెంట్రుకలు పెరగడానికే వాడేందుకు 2008లో అమెరికాలో అనుమతిచ్చారంటే ఆశ్చర్యమేముంది? కంటి చుట్టూ చర్మం నల్లబడటం, కళ్ళు ఎర్రబడటం కూడా ఉంటాయి.

ఒత్తిడి తగ్గించే మందులు ఇంకా ఉన్నాయి. బ్రిమొనిడిన్ మంచిదే కాని నోరు ఎండుతుంది, మగత వస్తుంది, కొందరికి నెలల తరవాత అలర్జీ వస్తుంది. రెండేళ్ళ లోపు పిల్లలకు దాన్ని అసలు వేయకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. డోర్జొలమైడ్ వేసుకుంటే నోట్లో చేదు. జబొరాండి అనే దక్షిణ అమెరికా మొక్క నుంచి వచ్చిన పైలొకార్పిన్ 1870ల నుంచి నీటికాసులకు వాడకంలో ఉంది. కంటిపాపను సూదిమొనంత చేసి, చుట్టూ చీకటి చేసి, నుదుటి నొప్పి తెస్తుంది గనక ఇప్పుడు దాని వాడకం తగ్గింది. నలభై దాటినవాళ్ళ దగ్గరి చూపు కోసం 2021లో అదే మందు అమెరికాలో కొత్త వేషంలో మళ్ళీ వచ్చింది.

ఇన్ని మందులు ఉన్నా నీటికాసుల రోగుల్లో చాలామంది మధ్యలో మానేస్తారు. వాళ్ళను తప్పుపట్టడం నాకు ఇష్టం ఉండదు. నొప్పి లేని జబ్బుకు, వేస్తే చూపు మెరుగుపడని మందును, జీవితాంతం రోజూ వేసుకోమంటే ఎవరికి మాత్రం నమ్మకం కలుగుతుంది? పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికే ఈ చుక్కలని మొదటి రోజే చెప్పాలి. కౌంటరు ముందు ఇరవై మంది నిలబడి ఉన్నప్పుడు ఆ మాట చెప్పే తీరిక మాకు ఉండటం లేదన్నది కూడా నిజమే.

పెద్దాయన నాలుగో సీసా కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, అంటే కన్నీటికి బదులు వేసేది. కళ్ళు పొడిబారి ఇసుక పడ్డట్టు గరగరలాడేవాళ్ళకు, గంటల తరబడి కంప్యూటరు ముందు రెప్ప వేయడం మరిచిపోయే మా ఓఎంఆర్ రోడ్డు మీది సాఫ్ట్‌వేర్ కంపెనీల కుర్రాళ్ళకు ఇచ్చేది ఇదే. నాలుగింటిలో దీనితోనే భయం తక్కువ. అయినా రోజుకు ఐదారు సార్లకు మించి వేసుకునేవాళ్ళు ప్రిజర్వేటివ్ లేనిది అడిగి తీసుకోవాలి, ఎందుకంటే సీసాలో క్రిములు పెరగకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఎక్కువసార్లు తగిలితే నల్లగుడ్డు పై పొరనే గీరుతుంది. మరి ప్రిజర్వేటివ్ లేని మందును మామూలు సీసాలో పోసి వారాల తరబడి వాడితే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. 2023 మే నాటికి అమెరికాలో కృత్రిమ కన్నీటి చుక్కల వల్ల, మందులకు లొంగని సూడోమొనాస్ క్రిమి 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. కొందరికి చూపు పోయింది, నలుగురు చనిపోయారు. ఆ చుక్కలు తయారైనది మా చెన్నై దగ్గరి కర్మాగారంలోనే. చుక్కల మందు సూదిమందంత శుభ్రంగా ఉండాలన్న నియమం ఎందుకు ఉందో ఆ ఏడాది మా కౌంటరులో అందరికీ మళ్ళీ గుర్తొచ్చింది.

సంచిలో యాంటీబయాటిక్ లేకపోవడం నాకు వింతగా తోచింది, ఎందుకంటే మామూలుగా అందరి ఇళ్ళలోనూ మొదట దొరికేది అదే. మాక్సిఫ్లాక్సాసిన్, టోబ్రామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి బాక్టీరియా మీద బాగా పనిచేస్తాయి, పుసులు పచ్చగా కట్టి పొద్దున్నే రెప్పలు అంటుకుపోయే కన్నుకు వాటి అవసరం ఉంటుంది. కండ్లకలక మటుకు చాలాసార్లు అడినో వైరస్ పని. దీన్ని ఈ ఊళ్ళో మద్రాస్ ఐ అంటారు. 1819లో మొదలైన ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉన్న ఊరి పేరే ఈ జబ్బుకు అంటుకోవడం ఒక తమాషా. వైరస్‌కు యాంటీబయాటిక్ చుక్కలతో నిమిత్తం లేదు. చల్లటి గుడ్డ, శుభ్రమైన చేతులు, వేరే తువ్వాలు, వారం పది రోజుల ఓపిక ఉంటే అదే తగ్గుతుంది. వానల తరవాత ఆ జబ్బు లేచినప్పుడల్లా మందుల దుకాణాల్లో యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన సీసాలు చీటీ లేకుండా అమ్ముడుపోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎండాకాలం అలర్జీతో కళ్ళు నలుపుకునే పిల్లలకు కూడా అవే ఇస్తారు. ఓలోపటడిన్ చుక్కలు రోజుకు రెండు పూటలు వేస్తే చాలామందికి దురద అదుపులో ఉంటుంది. స్టెరాయిడ్‌తో రెండు రోజుల్లో పోయే దురద కోసం నెలల తరబడి అదే వేస్తూ పోతే, కొందరి కళ్ళలో ఒత్తిడి పెరిగి పదేళ్ళ పిల్లాడికి నీటికాసులు వస్తాయి, శుక్లం కూడా వస్తుంది. ఎరుపు పోగొట్టే నాఫజోలిన్ చుక్కలది ఇంకో కథ. రక్తనాళాలు బిగిసి కన్ను తెల్లబడుతుంది, మందు దిగాక ముందుకన్నా ఎర్రగా అవుతుంది, మళ్ళీ మందు కావాలనిపిస్తుంది.

ఆసుపత్రి దాటి బయటికి ఇవ్వని చుక్కలు కూడా ఉన్నాయి. మొదటిది తిమ్మిరెక్కించే ప్రొపరకైన్. అర నిమిషంలో కంటి నొప్పి మాయమై పదిహేను నిమిషాల పాటు తెలియకుండా ఉంటుంది. ఊక పడ్డ కన్నుతో వచ్చినవాళ్ళకు పరీక్షకు ముందు ఒక చుక్క వేస్తే స్వర్గంలో ఉన్నట్టుంటుంది. "ఆ సీసా ఎంతైనా పర్లేదు, ఇవ్వండి" అని చేతులు పట్టుకుంటారు. ఇవ్వం. పదేపదే వేస్తే పుండు మానదు, నల్లగుడ్డు కరిగిపోయేదాకా పోతుంది. రెండోది కంటిపాపను పెద్దది చేసే ట్రోపికమైడ్. దాని ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలుంటుంది. ఆ చుక్క వేయించుకుని హాల్లో కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళు మాకు రోజూ కనిపిస్తారు. ఆ రోజు బండి నడపవద్దు.

అదే జాతికి చెందిన అట్రోపిన్, హోమట్రోపిన్ మాత్రం చీటీ మీద బయటికి వెళ్తాయి. అట్రోపిన్ మన ఉమ్మెత్త కుటుంబపు మొక్కల్లో ఉండే విషమే. ఒక్క శాతం చుక్క వేస్తే పాప పెద్దదై వారం, ఒక్కోసారి రెండు వారాలుంటుంది. బాగా పలచబరిచిన 0.01 శాతం చుక్కను దూరపు చూపు తగ్గిపోతున్న పిల్లలకు రాత్రిపూట వేయిస్తున్నారు. పుండు పడ్డ కంట్లో లోపలి కండరం బిగుసుకుని పీకుతుంటే దాన్ని వదులు చేయడానికి పెద్దాయనకు రాసినది హోమట్రోపిన్, రోజుకు మూడు పూటలు.

అసలు మందు నాటమైసిన్ 5 శాతం. అదీ పాలనీళ్ళలా ఉండేదే, కుదిపి వేయాలి. నల్లగుడ్డు లోతుకు అంతగా దిగదు గనక మొదటి రోజుల్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటకో చుక్క వేస్తూ ఉండాలి, పుండు మీద తెల్లగా పేరుకున్నా భయపడనక్కర్లేదు. మన పొరుగున మదురైలో పుట్టిన అరవింద్ కంటి ఆసుపత్రుల్లో జరిగి 2013లో వెలువడిన పరిశోధన, కొత్తదైన వోరికొనజోల్ కన్నా ఈ పాత మందే, ముఖ్యంగా ఫ్యూసేరియం జాతి ఫంగస్ మీద, మెరుగని తేల్చింది. పుండు మానడానికి వారాలు పడుతుంది, మచ్చ మిగులుతుంది.

ఇదంతా ఆయనకు చెప్పి, పాత సీసాలు మూడింటిని ఆయన అనుమతితోనే చెత్తబుట్టలో వేసి, చెవి మందును వేరే కవరులో కట్టి ఇచ్చాను. కొత్త సీసాల మీద తెలుగులో రాసిన చీటీలు అంటించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు సదువు రాదబ్బయా, మా ఆడమనిషికీ రాదు" అన్నాడు. కాసేపు ఆలోచించి, తన మొలతాడు నుంచి నల్లదారం పోగొకటి తెంపి నాటమైసిన్ సీసా మెడకు ముడి వేసి, "దారమున్నది గంటకోపాలి, లేనిది మూడు పూట్ల, అంతే గదా?" అని అడిగి, రెండింటినీ పసుపు సంచిలో వేరువేరు మూలల్లో పెట్టుకుని వెళ్ళాడు. వారం తరవాత పరీక్షకు వచ్చినప్పుడు దారం తడిసి చివికి ఉంది, ముడి మాత్రం గట్టిగానే ఉంది. మచ్చ అంచులు చెదరడం ఆగింది.